కొండదారికి నేను రాసిన అర్జీ

పోయిన నెలలో ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంటి తలుపు కొట్టిన అమ్మాయి పేరు నియా. వేల్స్ నుంచి వచ్చింది. ముప్పయ్యేళ్లుండవు. వీపున పెద్ద సంచీ, కాళ్లకి బురద కొట్టుకున్న బూట్లు. గుమ్మంలోనే బూట్లు విప్పేసి, "ఎమ్రిస్ మా అమ్మమ్మకి అన్నయ్య. ఆయన ఉన్న ఇల్లు చూద్దామని వచ్చాను, అక్కడ ఇల్లే లేదు" అంది. నిజమే. ఆ ఇల్లు పడగొట్టి చాలా కాలమైంది. ఆ జాగాలో ఇప్పుడు ఆరు టౌన్‌హౌసులు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. ఆయన ఉల్లికాడల్లాంటి లీక్స్ పెంచుకున్న మడి ఉన్నచోట చెత్తడబ్బాలు పెట్టుకోవడానికి అర కట్టారు. పక్కవీధిలో ఉంటున్న నా అడ్రసు వాళ్ల అమ్మమ్మ పాత పుస్తకంలో దొరికిందట. లోపలికి పిలిచి టీ పెట్టాను. "ఆయన ఎలా ఉండేవారు?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి గంటన్నర మాట్లాడాను. అయినా తనివి తీరలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నేను న్యూజిలాండ్‌కి వచ్చేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు, పెళ్లయి ఏడాది. మా ఆయన ప్రసాద్‌కి వెల్లింగ్టన్‌లో ఏదో ప్రభుత్వ శాఖలో కంప్యూటర్ కాంట్రాక్టు. రైలుంది కదా అని పక్కనున్న లోవర్ హట్‌లో దిగాం. ఎమ్రిస్ అంకుల్ ఇల్లు కొండవాలు మీద ఉండేది. పైన ఆయన, కింది రెండు గదుల్లో మేం. ఆయనకి అప్పటికే ఎనభై దగ్గర పడ్డాయి. భార్య పోయారు, పిల్లల్లేరు. కుర్రతనంలో వేల్స్ వదిలి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పని చేసి రిటైరయ్యారు. ఇంగ్లండులో మీదే ఊరండీ అని ప్రసాద్ మొదటిరోజే అడిగి చీవాట్లు తిన్నాడు. "ఇంగ్లండ్ కాదు, వేల్స్. మా భాష వేరు. బళ్లో వేసిందాకా నాకు ఇంగ్లీషు ముక్క రాదు" అన్నారాయన. మెట్లు దిగుతూ ప్రసాద్ నాతో, "మనల్ని మద్రాసీలంటే ఎట్టా కాలుద్దో ఆయనకీ అట్టా కాలిందే" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఆయన నాకు సగం అర్థమైపోయారు.

పొద్దున ఆరింటికి పైన చెక్కనేల కిర్రుమనేది. తరవాత గోడకి వేలాడే బారోమీటరు అద్దాన్ని వేలితో రెండుసార్లు తట్టిన చప్పుడు. ఆ వెంటనే గడ్డం గీసుకుంటూ చర్చి పాట, బావిలోంచి వస్తున్నంత లోగొంతుతో. ఆదివారమైతే మటన్ ఎముకలూ లీక్సూ వేసి కాచే పులుసు వాసన చెక్కల సందుల్లోంచి మా వంటింట్లోకి దిగేది. మేం మాంసం ముట్టనివాళ్లం. నేను ముక్కు చిట్లించి ఊదొత్తి వెలిగించేదాన్ని. నా ఇంగువ తాలింపు పైకెక్కితే ఆయన కిటికీలు బార్లా తెరిచేవారు. అలా నెల పాటు మాటల్లేకుండా యుద్ధం సాగింది. చివరికి ఆయనే దిగొచ్చి, "ఆ ఘాటు దేనిది? నాలుగు రోజుల ముక్కుదిబ్బడ వదిలిపోయింది" అన్నారు. గ్లాసుడు మిరియాల చారు ఇచ్చాను. కళ్లల్లో నీళ్లు పెట్టుకుని తాగి, రేపూ కాస్తావా అని అడిగారు. అప్పటి నుంచి చారు పైకెళ్లడం, రొట్టె కిందికి రావడం రివాజైంది. ఆయన రొట్టె కోసే పద్ధతే వింత. రొట్టెని ఛాతీకి ఆనించుకుని, కోయకముందే రొట్టె తెగిన వైపుకి వెన్న రాసి, ఆ తరవాత కాగితమంత పల్చగా కోసేవారు. ముందు కోసి తరవాత రాస్తే రొట్టె చిరుగుతుందట. ఇప్పటికీ నేను అలాగే కోస్తాను. మా అమ్మాయి స్వాతి, "అమ్మా, వన్ డే యూ విల్ స్టాబ్ యువర్‌సెల్ఫ్" అంటుంది.

ఆ మొదటి చలికాలం నాకు బాగా కష్టమైంది. ఇక్కడ చలి మోసుకొచ్చే దక్షిణపు గాలి వీస్తే కిటికీ అద్దాలు లోపలివైపు చెమర్చేవి, ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరేవి కావు. ప్రసాద్ పొద్దున రైలెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే. ఉద్యోగం లేదు, తెలుగు మాట్లాడే మనిషి లేడు. మధ్యాహ్నాలు పైకెళ్లి కట్టెల పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని. ఆయన వాళ్ల కొండ గురించి చెప్పేవారు. మొదట్లో మర్యాద కోసం విన్నాను. పోనుపోను రోజూ వినకపోతే తోచేది కాదు.

వాళ్ల లోయలో కొండ మొత్తం అన్ని పొలాలవాళ్లకీ ఉమ్మడి మేతభూమట. కంచెల్లేవు. అయినా ఒక ఇంటి గొర్రెలు ఇంకో ఇంటి వాలు మీదికి పోవు. ఏ మేర తమదో తల్లిగొర్రె పిల్లకి తిప్పి చూపిస్తుందట. అందుకని పొలం అమ్మితే కొండ గొర్రెల్ని దాంతోపాటే అప్పగించి పోవాలి. కింది ఇళ్ల నుంచి కొండకి ఒకటే దారి. గొర్రెల్ని తోలేదీ, వెన్నా గుడ్లూ సంతకి మోసేదీ, పై ఇళ్లలో ఎవరైనా పోతే శవపేటికని భుజాల మీద చర్చికి దించేదీ దాని మీదే. సగం దూరంలో వాగు పక్కన బల్లపరుపు బండ ఒకటుంది. పేటికని దాని మీద దించి, మోసేవాళ్లు మారతారు. "మాకూ ఉంది అంకుల్. దింపుడు కళ్లం అంటాం. పాడె దించి చెవిలో పేరు పెట్టి పిలుస్తారు, లేస్తారేమోనని" అన్నాను. ఆయన పొయ్యిలో ఇంకో కట్టె వేసి, "మేం పిలవం. పిలవాల్సింది" అన్నారు. వాళ్ల అమ్మని ఆ బండ మీద దించినప్పుడు ఆయనకి పదకొండేళ్లు.

ఆ చలికాలంలోనే చెల్లెలు గ్వెన్ దగ్గర్నుంచి లావుపాటి ఉత్తరం వచ్చింది. కింది పొలం కొన్న కొత్త యజమాని కొండ అడుగున తన వాలంతా కలప కోసం స్ప్రూస్ చెట్లు వేసి, దారి మొదట్లో ఉన్న గేటుకి తాళం పెట్టాడు. ఇది నా స్థలం, ఇక్కడ దారి ఎన్నడూ లేదు, మ్యాపులో చూపించండి అన్నాడు. మ్యాపులో నిజంగానే లేదు. ఊరివాళ్లు కౌన్సిల్‌కి చెప్పుకుంటే, ఎవరెవరు ఎన్నేళ్లు నడిచారో కాగితం మీద పెట్టండి, ఒక అధికారి వచ్చి విచారించి తేలుస్తాడన్నారు. ఎంత పాత జ్ఞాపకమైతే అంత బలమట. బతికున్నవాళ్లలో అందరికంటే పాత జ్ఞాపకం ఎమ్రిస్ అంకుల్‌దే. ఉత్తరంలో ఆయన కోసం ఒక ఫారం పెట్టి పంపింది. ఆయనకి దారి దక్కితే చాలనుకున్నాను నేను. కాదు, ఇంకో కోరిక కూడా ఉంది. వాళ్ల పొలం అమ్ముడైపోయింది, ఇల్లు కూలిపోయింది. దాని పేరుకి తెలుగులో 'రెండు వాగుల నడిమిల్లు' అని అర్థం. ఆ దారి వాడిన ఇళ్ల జాబితాలో ఆ పేరూ, వాళ్ల నాన్న పేరూ ఎక్కాలి. "మేమక్కడ బతికామని ఇంకెక్కడా రాసిలేదు హైమా" అన్నారు. ఆయన కళ్లకి పొరలు కమ్మాయి, చెయ్యి వణుకు. కాబట్టి రాసే పని నాకు పడింది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. నరసరావుపేటలో తాలూకా ఆఫీసు ఎదురుగా వరండాలో చాప వేసుకుని, ఏటవాలు చెక్కపెట్టె ముందేసుకుని అర్జీలు రాసేవాడు నాన్న. రాతకీ మాటకీ ఊళ్లో పెట్టింది పేరు. సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చిత్తుకాగితాన్ని సాపు రాయించేవాడు. 'మహారాజశ్రీ' దగ్గర మొదలుపెట్టి, 'తమరు దయతలచి', 'అనుమతి ఇప్పించ ప్రార్థన', 'తమ విధేయుడు' దాకా వరస తప్పకూడదు. వచ్చినవాడు ఎంత మండిపడుతూ వచ్చినా, కాగితంలోకి వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. నాకు ఆ విద్య అబ్బింది. ఇంగ్లీషులోనూ అదే ధోరణి పట్టుకున్నాను. నా దరఖాస్తు చదివి కాలేజీ ప్రిన్సిపాల్ మెచ్చుకున్నాడని నాకు పొగరు కూడా ఉండేది.

అంకుల్ చెప్తుంటే నాలుగు మధ్యాహ్నాలు చిత్తు రాశాను. ఏ వంపులో ఏ రాయి, ఎవరింటి గొర్రెలు ముందు వెళ్లేవి, మంచు పడితే ఎటు తప్పుకునేవాళ్లు, అన్నీ. ఫారంలో ఒక ప్రశ్న: ఈ దారిన నడవడానికి మీరు ఎవరి దగ్గరైనా అనుమతి తీసుకున్నారా? ఆయన విసుగ్గా, "లేదు. ఎవర్ని అడుగుతాం?" అన్నారు. రాసుకున్నాను. చిత్తుప్రతి మొత్తం చదివి వినిపించాను. తల ఊపారు. కిందికొచ్చి మంచి కాగితం మీద సాపు రాస్తుంటే ఆ జవాబు దగ్గర నా కలం ఆగింది. ఒకరి స్థలంలోంచి అడక్కుండా నడిచాం అని రాస్తే దొంగల్లా ఉండదూ? పెద్దాయన, చర్చికి వెళ్లే మనిషి. చదివే అధికారి ఏమనుకుంటాడు? ఆయన పరువు కాపాడాలనిపించింది. 'స్థల యజమానుల దయాపూర్వకమైన అనుమతితో, వారియెడల సదా గౌరవభావంతో మా కుటుంబం ఈ దారిని వాడుకున్నది' అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక వాక్యం అల్లి, ఆ జవాబు స్థానంలో పెట్టాను. చాలా బాగా కుదిరిందనుకున్నాను.

సంతకానికి సాక్షిగా ఉండే పెద్దమనుషుల్ని ఇక్కడ జేపీలంటారు. శనివారాలు లైబ్రరీలో కూర్చుంటారు. అంకుల్ టై కట్టుకుని వచ్చారు. ఆ రోజు ఉన్న జేపీ ఒక నెమ్మదైన ఆవిడ. "ఇందులో ఉన్నదంతా మీరు చదివారా? అంతా నిజమేనా?" అని అడిగింది. ఆయన నావైపు చూశారు. నేను తలూపాను. "నిజమే" అని చెప్పి సంతకం పెట్టారు. పోస్టాఫీసు నుంచి ఇంటికొస్తూ బేకరీలో నాకు బన్ను కొనిపెట్టారు.

ఆరు వారాలకి గ్వెన్ ఉత్తరం. ఈసారి ఒకటే పేజీ, నేను చదివి వినిపించాలని కాబోలు ఇంగ్లీషులో. 'అన్నయ్యా, నీ సాక్ష్యం యజమాని తరఫు లాయరుకి బాగా నచ్చింది. తన పక్షాన ఇంతకంటే మంచి సాక్షి దొరకడని అంటున్నాడు. ఆ అనుమతి వాక్యం ఎందుకు రాశావు?' అదీ సంగతి. ఆమె వివరంగానే రాసింది. జనం ఇరవయ్యేళ్ల పాటు ఎవర్నీ అడక్కుండా, దాక్కోకుండా, గొళ్లెం విరగ్గొట్టకుండా నడిస్తే ఆ దారి జనానిదవుతుంది. అడిగి నడిస్తే అది యజమాని దయ. దయని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. చదవడం ఆపి ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన, "ఏ వాక్యం?" అన్నారు. చెప్పాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను. ఆయన అరవలేదు. "మా నాన్న ఆ గేటు దగ్గర టోపీ కూడా ఎప్పుడూ తీయలేదు. నువ్వు ఆయన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టావు" అన్నారు. నేను మెట్లు దిగి వచ్చేశాను. తొమ్మిది రోజులు పైనుంచి పాట వినిపించలేదు. చారు గిన్నె మెట్టు మీద పెడితే పెట్టినట్టే ఉండేది.

ఇండియాకి ఫోను చేశాను. నాన్నకి అంతా చెబితే, ఆయన నిదానంగా విని, "నువ్వు రాసింది సరిగ్గానే ఉందమ్మాయ్. అట్టా రాయకపోతే కాయితం చదవనన్నా చదవరు" అన్నాడు.

"ఆళ్ల దగ్గర అట్టా కాదంట నాన్నా. అడిగితే హక్కు పోద్దంట."

"అడక్కుండా హక్కెట్టా వస్తదే? అడగందే అమ్మైనా పెట్టదు గదా."

"ఒకళ్లు పెట్టేది కాదంట నాన్నా. నడిచీ నడిచీ వాళ్లదే అయిపోయిందంట."

నాన్న గొంతు తగ్గించి, "మన పక్కూరోళ్ల పశువుల బీడు గుర్తుందా నీకు? తాతలనాటి నుంచీ మేపుకుంటన్నారు. సర్వేవాళ్లు గొలుసు పట్టుకొచ్చారని భయపడి నా దగ్గరికొచ్చారు. దయుంచి ఒక ఏడాది మేపుకోనివ్వండి అని రాసిచ్చా. ఇచ్చారు. అర్జీ బాగా రాశావని పై ఆఫీసరు మెచ్చుకున్నాడు గూడా" అన్నాడు.

"ఆ తర్వాత?"

"తర్వాతేముందే. ఏడాది అయిపోయింది."

నాన్న ఫోను అమ్మకిచ్చేశాడు. ఆ బీడు గురించి ఆ తరవాత ఎప్పుడూ నా దగ్గర ఎత్తలేదు. అర్జీలు రాయడం మాత్రం ఆ ఫోను మాట్లాడిన ఏడే తగ్గించేశాడని తమ్ముడు చెప్పాడు. కళ్లు కనపడక అని ఇంట్లో అనుకున్నారట.

పదో రోజు నేనే పైకెళ్లాను. ఆ వాక్యం నాదని, ఆయనది కాదని నేను కూడా జేపీ ముందు సంతకం పెట్టి పంపుతానన్నాను. ఆయన కుర్చీ చూపించారు. అక్కడే కూర్చుని రాశాను. మొదటి వాక్యంలోనే 'అత్యంత వినయంతో మనవి చేసుకొనునది' అని వచ్చింది. ఆయన భూతద్దం పెట్టుకుని పెన్సిలుతో కొట్టేశారు. "ఎవరి ముందు వంగుతున్నావు?" అన్నారు. అధికారి ముందన్నాను. "ఆయన జీతం తీసుకుని పని చేస్తున్నాడు. నువ్వు జరిగింది చెప్పు చాలు." 'దయచేసి' కొట్టేశారు. 'క్షమించ ప్రార్థన' కొట్టేశారు. ఒకటిన్నర పేజీ రాస్తే నాలుగు వాక్యాలు మిగిలాయి. చదువుకుంటే నాకే పొగరుబోతు రాతలా అనిపించింది. ఒంటిమీద బట్ట లేనట్టు సిగ్గేసింది. అయినా సంతకం పెట్టాను. ఆ సాయంత్రం చారు తాగారు.

విచారణ వేల్స్‌లో వాళ్ల ఊరి బడిలో జరిగింది. ఫలితం మరుసటి ఏడు వసంతంలో వచ్చింది. అప్పటికి నేను స్వాతిని కడుపుతో ఉన్నాను. మెట్ల పైనుంచి, "హైమా! దారి మ్యాపులోకి ఎక్కింది!" అని కేకేశారు. పొట్ట పట్టుకుని మెట్లెక్కాను. గ్వెన్ పంపిన కవరు, దాని పక్కన భూతద్దం బల్ల మీద ఉన్నాయి. "నా వాక్యం సంగతేమైంది అంకుల్?" అని అడిగాను. "ఎవరూ పట్టించుకోలేదు. అంత కట్ట కాగితాల్లో ఒక లైను ఎవడికి కావాలి?" అన్నారు. రొట్టె కోసి, ఇంకో ముక్క తిను, ఇద్దరికి తినాలి అన్నారు. కవరు సొరుగులో పెట్టేశారు. నా గుండె మీద బరువు దిగిపోయింది. ఆ తరవాత ఆయన మరో ఆరేళ్లు ఉన్నారు. స్వాతికి రెండు వేల్స్ పాటలు నేర్పారు. స్వాతి బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది, బారోమీటరు తట్టిన చప్పుడు వినిపించని ఒక ఉదయం నేనే పైకెళ్లి చూశాను. నిద్రలోనే పోయారు.

ఇప్పుడు మా వీధి వెనకున్న కొండ గురించి కూడా ఇక్కడ ఏదో ఒక సంప్రదింపు నడుస్తూనే ఉంటుంది. కాలిబాట ఉంచాలా, అడవి పెంచాలా, సైకిళ్లవాళ్లకి ఇవ్వాలా అని. మొన్నొక మీటింగుకి వెళ్లాను. ముందుగా ఒక మావోరీ పెద్దావిడ లేచింది, వాళ్లు ఈ నేల మూలవాసులు. ఆ కొండ పేరు, కింద పారే వాగు పేరు, తన తాతముత్తాతల పేర్లు వరసగా చెప్పి, ఆ తరవాతే తన అభిప్రాయం చెప్పింది. అధికారులు మధ్యలో ఆపలేదు, రాసుకున్నారు. అన్నిచోట్లా ఎప్పుడూ ఇలాగే వింటారని నేననను. ఆవిడ జనం ఈ కుర్చీ దాకా రావడానికి ఎన్ని తరాలు పట్టిందో ఆవిడే చెప్పింది. కానీ నాన్న వరండాలో భూమికి ఒక సర్వే నంబరు తప్ప నోరుండేది కాదు, దాని మీద బతికినవాళ్లకీ ఉండేది కాదు. నేను వెనక వరసలో కూర్చుని, ఎక్కడినుంచో వచ్చినదాన్ని, నేను మాట్లాడొచ్చా అని నసుగుతుంటే స్వాతి మోచేత్తో పొడిచింది. "అమ్మా, యూ వాక్ దేర్ ఎవ్రీ డే. జస్ట్ సే ఇట్." లేచి చెప్పాను. రెండే వాక్యాలు. ముప్పయ్యేళ్లయినా 'దయచేసి' నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఇదంతా నియాకి చెప్పాను, నా వాక్యంతో సహా. ఆమె ఆశ్చర్యపోలేదు. ఇప్పుడు వాళ్ల కొండ మీద స్ప్రూస్ చెట్లు నరికేశారట, గాలిమరలు పెడతామని ఒక కంపెనీ వచ్చిందట. ఊరు రెండుగా చీలింది. "నేను గాలిమరలు వద్దనట్లేదు. ఎక్కడ వద్దో చెప్పాలంటే ముందు ఎక్కడ ఏముందో రాసి ఉండాలి కదా" అంది. అందుకే పాతవాళ్ల జ్ఞాపకాలు పోగేస్తోంది. సంచీలోంచి ఒక ఫైలు తీసింది. అలనాటి విచారణ తీర్పు నకలు. "మీరిది చూశారా?" అంది. చూడలేదన్నాను. గుడ్లూ వెన్నా మోసుకుంటూ నడిచిన ముగ్గురు ముసలమ్మల మాట, చర్చివాళ్ల ఖననాల పుస్తకం, వాటి మీద దారి నిలిచింది. మధ్యలో విచారణ చేసిన అధికారి రాసిన ఒక పేరా ఉంది. న్యూజిలాండ్ నుంచి వచ్చిన సాక్ష్యంలో పొసగని మాటలున్నాయి, సంతకం చేసినాయన చదవలేదని ఇప్పుడు చెబుతున్నారు, వివరణ రాసినామె ఆ దారిని ఎన్నడూ చూడలేదు, కాబట్టి దీన్ని పూర్తిగా పక్కన పెడుతున్నాను. చివర దారి వాడిన ఇళ్ల జాబితా. ఏడు పేర్లు. వేలు పెట్టి రెండుసార్లు చదివాను. రెండు వాగుల నడిమిల్లు అందులో లేదు.

నియా ఇంకో కాగితం తీసింది. అంకుల్ చేతిరాత, వంకర పోయిన పెద్ద పెద్ద అక్షరాలు. చెల్లెలికి వాళ్ల భాషలో రాసుకున్నది. ఆ రోజుల్లో నా కళ్ల ముందే పడి ఉన్నా నేను చదవలేకపోయేదాన్ని. ఆమె ఇంగ్లీషులోకి మార్చి చదివింది. 'నన్ను పక్కన పెట్టారు. చదవకుండా సంతకం చేసింది నేను, తప్పు నాది. కింద ఉండే అమ్మాయికి మాత్రం ఇది చెప్పొద్దు. కడుపుతో ఉంది, ఇక్కడ ఆమెకి పెద్దవాళ్లెవరూ లేరు. దారి నిలిచిందన్నాను. అది అబద్ధం కాదు.' అబద్ధమాడని మనిషి నా కోసం ఎంత చూసుకుని మాట్లాడారో! ఆరేళ్లు ఆయన ఎదురుగా కూర్చుని, గండం గడిచిందని రొట్టె తిన్నాను నేను. ముక్కూ మొహం తెలియని పిల్ల ముందు వెక్కివెక్కి ఏడ్చాను. ఆ పిల్ల లేచి వెళ్లి స్టవ్ మీద మళ్లీ నీళ్లు పెట్టింది.

వెళ్లేముందు ఆ జ్ఞాపకాల ఫారం ఒకటి బల్ల మీద పెట్టింది. ఆయన చెప్పినవి విన్నవాళ్లలో మిగిలింది ఇప్పుడు నేనొక్కదాన్నే అంది. రెండు రోజులు కూర్చుని రాశాను. వంపులూ రాళ్లూ వాగూ బండా, వాళ్ల నాన్న పేరూ, ఇంటి పేరూ. ఆయన అన్నది అన్నట్టే. ఆఖర్న ఒక గడి ఉంది: ఈ విషయాలు మీకెలా తెలుసు? 'ఎమ్రిస్ గారు చెబుతుంటే విన్నాను. ఒకసారి తప్పుగా రాశాను. ఎవరినైనా పక్కన పెట్టాల్సి వస్తే ఈసారి నన్ను పెట్టండి' అని రాసి, సంతకం పెట్టాను.